ఒప్పుకునే మనిషి

పోయిన నెల మా ఊరు వెళ్లినప్పుడు హోటల్ మల్లేశు గల్లా కింది నుంచి పాత పేపర్లో చుట్టిన స్టీలు గ్లాసు ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

"నీదే అన్నా. సేటు దినాలకు పంచిన్రు. నువ్వు రాలేదని ఆయన కొడుకు నీకోసం పక్కకు పెట్టిచ్చిండు."

మా వైపు ఎవరైనా పోతే, దినాల భోజనానికి వచ్చినవాళ్లకు పోయినవాళ్ల పేరు చెక్కించిన గిన్నో గ్లాసో పంచుతారు. గ్లాసు తిప్పి చూశాను. పేరు, కింద 'జ్ఞాపకార్థం' అన్న మాట. మంచి బరువున్న గ్లాసు.

"ఇంకోటి గూడ జెప్పుమన్నడు," అన్నాడు మల్లేశు. "వాళ్ల బాపు చివరిదాంక నీ ముచ్చటనే తీస్తుండెనంట. నాతోని నిలవడి వాదం జేసిన దోస్తు ఆయనొక్కడే అంటుండెనంట."

దోస్తు అన్న మాట వినగానే వెగటు పుట్టింది. చాయ్ సగంలోనే వదిలేశాను. మల్లేశు కప్పులోకి చూసి, "చక్కెర తక్కువైందా?" అన్నాడు. కాలేదన్నాను.

ఆయన పేరు రాయను. ఊరంతా సేటు అనేది, నేనూ అలాగే అంటాను. ఆయన కులం కూడా రాయను. రాస్తే మిగిలిన కులాలవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

మా ఊరు కోస్గికి దగ్గర. వానొస్తే కందులు, జొన్నలు. రాకపోతే బస్సెక్కి బొంబాయో పుణెయో. సేటుది విత్తనాలు, మందుల దుకాణం. తెల్లారి దుకాణం తెరిచేముందు మల్లేశు హోటల్‌కు వచ్చేవాడు. అప్పుడు నేను ఆ మండలానికి విలేకరిని. పేపర్లు అక్కడికే వచ్చేవి కాబట్టి నా పొద్దు కూడా అక్కడే మొదలయ్యేది.

ఆయన రాక ఒక పద్ధతి. భుజాన గుడ్డసంచి. బెంచీ మీద కూర్చుని సంచిలోంచి ఒక స్టీలు గ్లాసు తీసేవాడు. తువ్వాల అంచుతో లోపలా బయటా తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, ముందుకు చాపేవాడు. మల్లేశు పైనుంచి చాయ్ పోయాలి. గిన్నె అంచు గ్లాసుకు తగలకూడదు. తాగాక తానే కడుక్కుని, బోర్లించి, నీళ్లు ఓడ్చి, మళ్లీ సంచిలో పెట్టుకునేవాడు.

ఒకప్పుడు ఆ హోటల్లో రెండు వరసల గ్లాసులుండేవి. లోపలివి గాజువి. బయట దండెం కింద సత్తువి, తాగినవాళ్లే కడిగి పెట్టిపోవాలి. తర్వాత కాగితం కప్పులు వచ్చాయి. అందరికీ ఒకటే కప్పు, తాగి పారెయ్యడమే. ఏ ఒక్కరి మనసూ మారకుండానే రెండు వరసలు పోయాయి. ఇక ఏ కప్పు ఎవరు తాగింది అన్న ప్రశ్నే లేదు. సరిగ్గా అప్పుడే సేటు సంచిలో గ్లాసు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

మా వాదన ఆ గ్లాసు దగ్గరే పుట్టింది. "ఇంట్లో గ్లాసు ఎందుకు మోసుకొస్తున్నారు?" అని నేనే అడిగాను. ఆయనకు కోపం రాలేదు. వెలిగిపోయాడు. ఇన్నాళ్లకు ఒకరు అడిగారన్నట్టు నా పక్కకు జరిగాడు.

"అడగాలె సాబ్. అడిగితేనే తెలుస్తది. కాగితంకు మైనం పూస్తరు. వేడికి కరుగుతది. ఒంటికి మంచిది గాదు."

"మరి తగలకుండా పైనుంచి పొయ్యమనేది? అది కూడా మైనమేనా?"

చెయ్యి గుండె మీద పెట్టుకుని, కళ్లు మూసి తెరిచి, "ఒప్పుకున్న సాబ్," అన్నాడు. "ఈ మాట కాడ నువ్వే గెలిచినవ్. మల్లేశూ, సాబ్‌కు ఇంకో చాయ్."

ఆ 'ఒప్పుకున్న' ఆయన ఊతపదం. అంత అందంగా ఓడిపోయే మనిషిని నేను చూడలేదు. గొంతు లేపడు. మధ్యలో మాట తుంచడు. మన మాట పూర్తిగా విని, అందులో బలమైన ముక్కను తనే తీసి, దానికి తల వంచేవాడు. మర్నాడు మళ్లీ వచ్చి, గ్లాసు తుడుచుకుని, "నిన్న యాడ ఆపినం?" అనేవాడు. ఆపింది ఆయన ఒప్పుకున్న చోట. మొదలుపెట్టేది మాత్రం ఒప్పుకోకముందు నుంచి.

శుభ్రత అన్నాడు. అది పడిపోతే అలవాటు అన్నాడు. అది పడిపోతే పెద్దలు పెట్టిందేదీ ఊరికే పెట్టరన్నాడు. అన్నీ పడిపోయిన రోజు, "నేనెవర్నీ తక్కువ జూస్తలేను, నా గ్లాసు నేను తెచ్చుకుంటున్న, ఎవ్వని గ్లాసు గుంజుకుంటలేను గదా?" అన్నాడు. హోటల్లో ఉన్నవాళ్లు తలూపారు.

మాది గొర్లు కాసుకునే ఇల్లు. ఒకరోజు మా నాయిన ఈ వాదన కాసేపు విని, ఇంటికి వచ్చాక అన్నాడు: "గొర్రె అడ్డం తిరిగితె నెట్టొచ్చు బిడ్డా. నవ్వుకుంట అడ్డం నిలవడ్డోన్ని ఏం జేస్తవ్?" నేను వినలేదు. పేపర్లో పని మొదట నేర్పేదే అది: అటు మాట అడుగు, ఇటు మాట అడుగు, ఎదుటివాడికి చెప్పుకునే అవకాశం ఇవ్వు. ఎదుటివాడు అంత మర్యాదగా చెప్పుకుంటుంటే లేచిపోవడం నాకు తెలియదు.

చెడ్డవాడా అంటే అట్లా కూడా చెప్పలేను. మా నాయిన పాలమూరు దవాఖానలో పడ్డప్పుడు సేటు బత్తాయిలు తీసుకుని వచ్చాడు. పొద్దంతా మంచం పక్కన కూర్చున్నాడు. డాక్టరుతో కూడా వాదన పెట్టుకుని, ఓడిపోయి, ఒప్పుకుని, నర్సులను నవ్వించాడు. నాయిన పక్క మంచం మీది ముసలాయనకు బత్తాయి ఇస్తూ మాత్రం ముందు ఊరు అడిగాడు, తర్వాత ఇంటిపేరు అడిగాడు. ఆ తర్వాత పండు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు.

కొత్త జిల్లాలు పడ్డ కాలంలో బడికి కొత్త వంటమనిషి అవసరమైంది. పాతామె కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. మహిళా సంఘం తరఫున సుగుణమ్మకు ఆ పని వచ్చింది. సుగుణమ్మది ఊరవతలి కాలనీ, ఆదివారం చర్చికి పోయే ఇల్లు. పుణెలో ఇళ్ల పనికి పోయి, కూతురు బడి ఈడుకు రాగానే తిరిగి వచ్చింది. భర్త అక్కడే ఉండి పని చేసేవాడు. ఆ వంటపనిలో వచ్చేది పెద్దగా ఏమీ లేదు. కానీ అది ఉంటే ఆమె ఊళ్లో ఉండగలదు.

"గీ పని పోతె మళ్ల పుణె బోవాలె సారూ," అంది నాతో. "ఆడ రేకుల గుడిసెల పిల్లను ఒక్కదాన్నే ఇడిసి పనికి పోవాలె. ఇగ దాని బడి ఒడిసినట్టే."

ఆమె వంట మొదలుపెట్టిన రోజు ఊళ్లో పిల్లలంతా ఇంటి నుంచి టిఫిన్ డబ్బాలు తెచ్చుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పినట్టు లేదు, అందరి దగ్గరా డబ్బాలున్నాయి. కాలనీ పిల్లలు మాత్రం ఒక వరసలో కూర్చుని ఆమె వండింది తిన్నారు. మిగిలిన అన్నం, పప్పు సాయంత్రం బర్రెల కుడితిలో కలిపారు. మర్నాడు నేను వెళ్లాను. అక్కడే కూర్చుని తిన్నాను. పప్పు బాగుంది, కారం కొంచెం ఎక్కువ. వార్త రాసి పంపాను. "రెండోవైపు ఏమంటున్నారు?" అని డెస్కు నుంచి ఫోన్ వచ్చింది.

రెండోవైపు అంటే సేటే. బడి కమిటీకి ఆయనే చైర్మన్.

"నేనెవ్వరికీ తినొద్దని చెప్పలే," అన్నాడు చాయ్ ఊదుకుంటూ. "కావాలంటె ఎవ్వర్నన్న అడుగు."

నిజమే. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆయన మనవడి చేతిలో డబ్బా పెట్టి పంపాడు, అంతే. మిగతావాళ్లు చూసుకున్నారు.

"నేను నిన్న అక్కడే తిన్నాను. నాకేం కాలేదు," అన్నాను.

"ఒప్పుకున్న సాబ్. తినుడు నీ స్వేచ్ఛ. మరి తినకపోవుడు పిల్లల స్వేచ్ఛనా కాదా?"

"పిల్లలకు ఆ స్వేచ్ఛ ఎవరు నేర్పారు?"

"గిదీ మాటంటె! గీ మాట మీద కమిటీ పెడుదాం. అందరం కూసొని మాట్లాడుకుందాం. ఒక్కరు గూడ బాధపడొద్దు. అందరు ఒక్క మాట మీదికి రావాలె."

అలా కమిటీ కూర్చుంది. ఒక్క మాట మీదికి రాలేదు. మళ్లీ కూర్చుంది. కూర్చున్న ప్రతిసారీ, తేలేదాకా ఇప్పుడున్నట్టే నడవనివ్వాలని తీర్మానం. ఇప్పుడున్నట్టు నడవడం అంటే డబ్బాలు రావడం, అన్నం కుడితిలోకి పోవడం. పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, నోరు విప్పేవాడు కాదు. తినేవాళ్లు ఇలాగే తక్కువైతే వంటమనిషిని మార్చమని పైనుంచే వస్తుందని మాత్రం నాతో చెవిలో అన్నాడు.

ఇక్కడ ప్రతి పొద్దూ నేను హోటల్లో సేటుతో వాదిస్తూనే ఉన్నాను. సుగుణమ్మ కోసమే వాదిస్తున్నానని నా నమ్మకం. ఆయన ఒక పొద్దు కులం ప్రసక్తే లేదని, ఆమె చర్చి దేవుని పేరు చెప్పుకుంటూ వండుతుంది కాబట్టి మన పిల్లలకు ఆ అన్నమెందుకని అన్నాడు. పాతామె కూడా పొయ్యికి దండం పెట్టే వండేది కదా అన్నాను. ఒప్పుకున్నాడు. నాకు చాయ్ చెప్పించాడు. హోటల్లో జనం మా వాదన వినడానికి ముందే వచ్చి బెంచీలు పట్టుకునేవాళ్లు. "ఇయ్యాల సాబ్ దెబ్బ గట్టిగ తాకింది సేటూ" అని ఒకడు, "సేటు గూడ తక్కువోడు కాదు" అని ఒకడు. కోడిపందెం లాగే ఉండేది. కోడికి మాత్రం దెబ్బ తగిలేది కాదు.

ఇక గుడ్డు సంగతి. బడిలో కొన్ని రోజులు భోజనంతో ఉడికించిన గుడ్డు ఇస్తారు. కమిటీలో ఒక తల్లి లేచి, "మా పోరగాండ్లు ఇంట్ల గుడ్డు గుడ్డని పానం తీస్తున్నరు. డబ్బాల గుడ్డు రోజు యాడికెల్లి తేవాలె?" అని అడిగింది. అందరూ సేటు వైపు చూశారు. ఆయన తల వంచుకుని కాసేపు ఆలోచించాడు. కంది విత్తనం గురించి రైతు అడిగితే ఎలా ఆలోచించేవాడో అలాగే.

"గుడ్డుకు పెంకుంటది గదా," అన్నాడు. "ఎవ్వరు ముట్టుకున్నా లోపలికి పోదు. పెంకుతోనే ఇయ్యుమనుండ్రి. పిల్లలు ఆళ్ల చేతులతోని ఆళ్లే ఒలుసుకుంటరు."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన, "సేటు బుర్రే బుర్ర!" అన్నాడు. తీర్మానం అయిపోయింది. సుగుణమ్మ గది గుమ్మం అవతల నిలబడి అంతా వింది. పెద్దసారు కిటికీలోంచి బయటికి చూశాడు. నేను జీవితంలో చాలా మీటింగులకు పోయాను, చాలా చెత్త విన్నాను. ఆ గదిలోంచి బయటికి వచ్చాక మాత్రం ఒంటికి ఏదో పూసినట్టుంది. ఆ మాట అన్నవాడు కర్ర పట్టుకున్న గూండా కాదు. మా నాయిన మంచం పక్కన కూర్చున్న మనిషి. ఎంతో దయగా, పిల్లలు గుడ్డుకు దూరం కాకూడదని ఆలోచించి చెప్పాడు.

ఆ తీర్మానం ప్రకారం రెండు మూడు గుడ్డు రోజులు గడిచాయి. పిల్లలు వరసలో వచ్చి, ఆమె చెయ్యి తగలకుండా చాట మీది గుడ్డు తీసుకుని, ఒలుచుకుని, ఇంటి అన్నంలో తినేవాళ్లు. నేను హోటల్లో పెంకు మీద వాదన పెట్టాను. పెంకుకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి, ఉడికించిన నీళ్లు లోపలికి పోతాయి అని కూడా అన్నాను. అంత దూరం దిగాను. సేటు చెయ్యి గుండె మీదికి పోతుండగా సుగుణమ్మ హోటల్ ముందుకు వచ్చింది.

ఆమె అక్కడికి ఎప్పుడూ వచ్చేది కాదు. కొంగు నడుముకు చెక్కుకుని ఉంది. లోపలికి రాలేదు, రోడ్డు మీద నుంచే అడిగింది.

"మీ ముచ్చట ఎప్పుడు ఒడుస్తది సారూ?"

అడిగింది నన్ను. ఆయన్ని కాదు. జవాబు మాత్రం సేటే అందుకున్నాడు.

"అమ్మా, నీ మీద మాకేం కోపం లేదు. నువ్వు మంచిదానివి. మేం సూత్రం మీద మాట్లాడుకుంటున్నం."

"నేను సూత్రం వండలే సేటూ. పప్పు వండిన. గంజెడు పప్పు బర్ల పాలైతాంది."

"గందుకే గదమ్మా మాట్లాడేది..."

"నువ్వు మాట్లాడినన్ని దినాలు బర్లే తింటయి. నీ మనుమనికి నా పప్పు పెట్టియ్యవంటె పెట్టియ్యనని ఒక్కపాలి చెప్పు. నేను గూడ ఇంటికి వోయి గంజు బోర్లేసుకుంట. గదన్న చెప్పరాదు?"

సేటు నవ్వాడు. "గట్ల ఎట్ల చెప్తనమ్మా? నేనెవర్ని చెప్పనీకి?"

ఆమె వెనక్కి తిరుగుతూ, "రేపు గుడ్డు దినం. పెంకుతోని ఇయ్య. నేనే ఒలిచి పులుసుల ఏస్త. తినేటోల్లు తింటరు, లేనోల్లు వాసన సూస్తరు," అని వెళ్లిపోయింది.

సేటు గ్లాసు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు. కళ్లు మెరుస్తున్నాయి. "జూసినవా సాబ్, ఇది మంచి పాయింటు. తీర్మానాన్ని కాదని ఒక్క మనిషి నడవొచ్చునా? దీని మీద నీ మాటేంది?"

అప్పుడు నాకు తెలిసింది. ఆయనకు మా ఇద్దరి మాటలకూ తేడా లేదు. నా మాట, ఆమె మాట, ఆమె కూతురి బడి, ఏదైనా ఆయన చాయ్‌లోకి బిస్కెట్టే. నేను ఒక్కో పొద్దు గెలిచినకొద్దీ ఆయన ఇంకా పెద్దమనిషి అవుతున్నాడు. "సేటు ఎవ్వరి మాటైనా వింటడు" అని ఊరు మెచ్చుకుంటోంది. ఆ మెప్పు నేను కట్టి ఇస్తున్నదే. డబ్బులు పెట్టి లేచాను.

మర్నాడు హోటల్‌కు వెళ్లాను. పేపర్లు తీసుకుని బయట రాయి మీద కూర్చున్నాను. లోపలి నుంచి పిలుపు వచ్చింది.

"రా సాబ్. నిన్న యాడ ఆపినం?"

"నేను ఆపేశాను సేటూ. ఇక మీతో మాట్లాడేదేం లేదు."

"కోపమొచ్చిందా?"

"లేదు. రోత పుట్టింది."

ఆయన ముందు నవ్వాడు. నేను పేపరు తిప్పాను. మళ్లీ పిలిచాడు. నేను పలకలేదు. అప్పుడు ఆయన లేచి గుమ్మంలోకి వచ్చాడు. ఆ ముఖం నేను ఎన్నడూ చూడలేదు. మెడ నరాలు పొంగాయి. చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉంది.

"ఏం, నాతోని కూసుంటె మైల పడ్తవా? నా మాటకు పలికితె నీ నోరు వోతదా? నేనేమన్న అంటరానోన్నా?"

అన్ని నెలల్లో ఆయన నోటి నుంచి ఆలోచించకుండా వచ్చిన మాట అదొక్కటే. నా పక్క రాయి మీద కాలనీ ముసలాయన ఒకడు కాగితం కప్పుతో కూర్చుని ఉన్నాడు. కప్పులు మారినా ఆయన లోపలికి పోయేవాడు కాదు, పాత అలవాటు. తలెత్తకుండా, చాయ్ ఊదుకుంటూ అన్నాడు:

"ఒక్క పూటకే గింత మండుతాందా సేటూ?"

మల్లేశుకు నవ్వు ఆగలేదు. గిన్నె వంక పెట్టుకుని వెనక్కి తిరిగాడు. సేటు ఎవరివైపూ చూడలేదు. గ్లాసు కడగకుండానే సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. సంచి అడుగున తడి పాకడం కనిపించింది.

ఆ మధ్యాహ్నం సుగుణమ్మ గుడ్లు ఒలిచి, గాట్లు పెట్టి, చింతపండు పులుసులో వేసింది. బడి ఆవరణంతా వాసన. ఊళ్లో పిల్లలు డబ్బాలు ముందు పెట్టుకుని కాసేపు కూర్చున్నారు. మొదట ఎవరు లేచారో నేను చూడలేదు. చూసేసరికి వరస ఉంది. అన్నం మాత్రం ఇంటిదే, దాని మీద పులుసు ఆమెది. మూడు నాలుగు గుడ్డు రోజులు పోయాక డబ్బాలు తేలికయ్యాయి. అన్నం కూడా ఆమెదే అయింది.

ఇక్కడ ఆపితే బాగుండేది. మరుసటి ఏడు బడి తెరిచేనాటికి కోస్గి నుంచి ప్రైవేటు బడి పసుపు బస్సు ఊళ్లోకి రావడం మొదలైంది. సేటు మనవడు అందులో ఎక్కాడు. ఇంకా చాలామంది ఎక్కారు. దాని మీద కమిటీ కూర్చోలేదు, చర్చ జరగలేదు, ఎవరూ ఏకాభిప్రాయం అడగలేదు. సుగుణమ్మ వండే గంజు చిన్నదైంది. అయినా పని నిలిచింది, ఆమె ఊళ్లో నిలిచింది. ఆ ఏడే నాకు నల్లగొండకు మారమని ఆర్డరు వచ్చింది.

ఇప్పుడు మా ఆఫీసులో కుర్రాళ్లు అప్పుడప్పుడు అడుగుతారు, ఫోన్లో బంధువుల గ్రూపుల్లో పడి కొట్టుకుని వచ్చి. మన నమ్మకం లేనివాడితో ఎంతకాలం వాదించాలి సార్, మాట్లాడటం మానేస్తే వాడు మారేదెలా అని. అందరి సంగతీ నాకు తెలియదు. తిట్టేవాడితో వాదించవచ్చు, వాడికి ఏదో పోతుందన్న భయం ఉంది. ఏమీ పోని మనిషితో వాదించడం వాడికి వినోదం ఇవ్వడమే. పుట్టుకను చూసి దూరం పెట్టడమూ, చేసిన పనిని చూసి దూరం జరగడమూ ఒకటి కాదని సేటుకు చెప్పి ఉండవచ్చు. చెబితే ఒప్పుకునేవాడు.

గ్లాసు చేతిలో పట్టుకుని మల్లేశు హోటల్ నుంచి బడి వైపు నడిచాను. పారేద్దామంటే దారిలో జనం. వంటగది ముందు సుగుణమ్మ కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. జుట్టు నెరిసింది. కూతురు పాలమూరులో నర్సు చదువుతోందని చెప్పింది. కూర్చోమని పీట వేసి, నీళ్లు తెచ్చింది. తెచ్చిన గ్లాసు చూశాను. అదే గ్లాసు, అదే పేరు.

"నీకూ ఇచ్చారా?"

"ఊరందరికి ఇచ్చిన్రు. మా కాలనీకి బంతి అవతల వేసిన్రు గాని, గ్లాసులు మాత్రం ఒక్కతీరుగనే ఇచ్చిన్రు. మస్తు బరువుంది. పప్పు కొలుస్తున్న."

నేను గ్లాసు అందుకోలేదు. ఆమె చూసి నవ్వింది.

"ఏం సారూ, ఆయన గ్లాసుల తాగవా?"

"తాగబుద్ధి కావట్లేదు."

"తోమిన సారూ," అంది.

తాగాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఆమె మళ్లీ చాట ముందుకు కూర్చుంది.

"నువ్వు నల్లగొండకు వోయినంక ఆయన నా దగ్గరికి రావట్టిండు."

"ఎక్కడికి? ఇక్కడికా?"

"గీ తలుపు కాడికే. దుకాణం కొడుకు సూసుకుంటుండె, ఇంట్ల ఎవ్వలు ఆయన మాట వినకపోతుండె. మాపటేళ గీడికి వచ్చి నిలవడి, 'అమ్మా, ఆనాడు నువ్వు తీర్మానం తప్పినవు గదా, అదెట్ల రైటో నాకు జెప్పు' అంటుండె."

"నువ్వేమన్నావు?"

"పల్లెంల ఇంత అన్నం, పప్పు పెట్టి గడప మీద పెడ్తుంటి. ముందు తిను సేటూ, తిని మాట్లాడు, ఎంతసేపైనా వింట అంటుంటి."

"తిన్నాడా?"

"తినలే."

"మరి మాట్లాడాడా?"

"మాట్లాడనియ్యలే. నోరు తెరిస్తె పల్లెం సూపిస్తుంటి. జరసేపు నిలవడి పోతుండె. మళ్ల రెండు దినాలకు వస్తుండె. మంచం వట్టెదాంక గంతే."

"తినేది లేదు, మాట్లాడేది లేదు. మరి ఎందుకొచ్చేవాడు?"

సుగుణమ్మ పప్పులోంచి ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది.

"ఏమో సారూ," అంది. "వాసనకేమో."

నా గ్లాసు ఆమె పక్కన పెట్టి లేచాను. కొలవడానికి రెండుంటే మంచిదే అంది.